సాహితి ముసలితనం

"ఆ దేశంలో ముసిల్దయిపోయినాక మంచులో జారిపడితే దాన్ని ఎవురు లేపుతారయ్యా?"

రామలక్ష్మమ్మ ఈ మాట అనేటప్పటికి ఎండ ఇంకా అరుగెక్కలేదు. మాధవరం వీధుల్లో మగ్గాల చప్పుడు అప్పుడప్పుడే మొదలవుతోంది. కాలు విరిగి మంచులో పడివున్న ఆ ముసలిది ఆమె కూతురు సాహితి. సాహితికి ఇంకా ముప్పై నిండలేదు. జర్మనీలో ఒక ఆసుపత్రిలో నర్సు. ఆ వేళకు తన గదిలో ముసుగుతన్ని హాయిగా నిద్రపోతూ ఉంటుంది.

మగ్గం గుంటలో కూర్చున్న ఆమె మొగుడు ఓబుళేశు పడుగు దారాల మధ్యకు నాడెను వదిలాడు. నాడె ఇటునుంచి అటు పోయింది. అటునుంచి ఇటు వచ్చింది.

"నిన్నేనయ్యా. చెవుల్లో దూది పెట్టుకున్నావా?"

ఎడమకాలు చాపి, కుడికాలు మడిచి రాట్నం ముందు కూర్చుంది ఆమె. కుడిచెయ్యి చక్రం తిప్పుతుంటే ఎడమచేతి వేళ్ల సందునుంచి దారం జారిపోయి కండె మీద చుట్టుకుంటోంది. ఆ కండెలే నాడెలోకి పోతాయి, చీరలో అడ్డంగా నడిచే పేక అవుతాయి. దారం కోసికోసి చూపుడువేలి పక్కన ఒక గీత పడింది. పసుపు అద్దినా అది మానదు. ఏళ్ల తరబడి ఒకే పక్కకు వంగి కూర్చోవడంతో కుడిభుజం ఎడమదానికంటే కాస్త కిందికి దిగింది. నడుస్తుంటే కుడిచేత్తో కనపడని బిందె ఏదో మోస్తున్నట్టుంటుంది.

గొడవంతా పోయిన వారం ఫోనులో మొదలైంది. నెలనెలా జీతంలో ముసలితనానికని కొంత పట్టుకుంటారని, అరవై ఏడేళ్లు వచ్చాక పింఛనుగా ఇస్తారని సాహితి మాటవరసకు చెప్పింది. అంతవరకూ బాగానే ఉంది. మూడేళ్లే అని చెప్పి పోయిన పిల్ల, ఆ మూడేళ్లు నిండుతున్న వేళ, ఇంకో రెండేళ్లు ఉంటానంది. ఐదేళ్లు కడితే ఆ పింఛను తన హక్కట. తర్వాత ఏ దేశంలో ఉన్నా వస్తుందట. రామలక్ష్మమ్మ ఏడ్చింది, తిట్టింది, ఒంటిమిట్ట రాముడి మీద ఒట్టేసి అన్నం మానేస్తానంది. చివరికి సాహితే విసిగిపోయింది.

"సరేమ్మా, నాన్న ఎట్ల చెప్తే అట్ల. రమ్మంటే వచ్చేస్తా, ఉండమంటే ఉంటా. ఒకటో తేదీ సాయంత్రం చేస్తా. మర్నాడే ఆసుపత్రోళ్లకు చెప్పాల."

ఆ నాన్న అప్పటినుంచి నోరు విప్పితే ఒట్టు. ఈ రోజే ఒకటో తేదీ.

"నువ్వు రమ్మని ఒక్కమాట చెప్తే సరిపోతాది. కడపలో ఆసుపత్రులే లేవా? నా కూతురు ఈడ సూదులెయ్యలేదా?"

నాడె ఇటునుంచి అటు పోయింది.

వీధి కొళాయి దగ్గర పక్కింటి గిడ్డమ్మ కలిసింది. పింఛను సంగతి పొక్కకుండా ఉండాలని, కూతురు ఏదో చీటీ కడుతోందని రామలక్ష్మమ్మ ఆమెకు చెప్పివుంది.

"బయటి దేశంలో కట్టిందేదీ చేతికి రాదక్కా" అంది గిడ్డమ్మ బిందె తొలుస్తూ. "మా చెల్లెలు కువైట్లో అన్నేండ్లు వంట చేసిందా? వచ్చేటప్పుడు ఏం తెచ్చింది? రెండు దుప్పట్లు, ఒక సెంటు సీసా. ముసిలితనానికి పింఛనంటే ఆ దేశపోళ్లకేనంట. మన ఎముకలరిగితే మనం ఊరికి రావాల్సిందేనంట."

"సెంటన్నా వచ్చింది గదమ్మే" అని తిరిగొచ్చేసింది రామలక్ష్మమ్మ. చీటీ అని చెప్పినా పింఛను సంగతి అప్పటికే పొక్కిందన్నమాట.

పింఛనంటే ఏమిటో ఆమెకు తెలియక కాదు. ఓబుళేశుకు యాభై దాటగానే చేనేత పింఛను వచ్చింది. ఒకటో తేదీన ఊరి సచివాలయం మనిషి వాకిట్లోకి వస్తాడు. ఆ పొద్దు మనిషి ఇంట్లో ఉండి తీరాలి. దారం లాగిలాగి ఓబుళేశు బొటనవేలి గీతలు అరిగిపోయాయి, వేలిముద్రల మిషను పట్టదు. అందుకని ముఖానికి ఫోటో తీస్తారు. కంటి డాక్టరు ముందు పిల్లాడిలా కళ్లు పెద్దవి చేసి నిలబడతాడు. మొన్న మోకాళ్లు వాచి ఆయన కడప ఆసుపత్రిలో ఉన్నప్పుడు నెలాఖరు రాగానే డాక్టరును బతిమాలి, ఆటోలో పడుకోబెట్టుకుని తెచ్చేసింది. రేషను కార్డుకు ఒక్కటే పింఛను. ఇంట్లో ఇంకొకరికి ఏదైనా ఉందని తెలిస్తే ఉన్నది ఊడుతుంది.

ఇదంతా తెలిసే ఆమెకు భయం. అరవై ఏడేళ్లప్పుడు సాహితి ప్రతి ఒకటో తేదీనా ఆ దేశంలో, ఆ వాకిట్లో, ఆ మంచులో నిలబడి ముఖం చూపించాలి. ఊరికి వస్తే పింఛను పోతుంది. ఊరికి రాకపోతే పిల్ల పోతుంది. ఈలోగా రేషను కార్డులో సాహితి పేరు ఇంకా ఉంది కాబట్టి తండ్రిది కూడా కొట్టేస్తారు.

పొద్దెక్కాక సచివాలయం మహానంది బండి ఆపి లోపలికి వచ్చాడు. ఓబుళేశు గుంటలోంచే ముఖం ఎత్తి కళ్లు పెద్దవి చేశాడు. ఫోటో పడింది. రామలక్ష్మమ్మ మజ్జిగ గ్లాసు తెచ్చిచ్చి, తలుపు వారగా నిలబడింది.

"నాయనా, ఒక మాట. మాకు తెలిసినోళ్ల కూతురొకామె ఉండాది."

"జర్మనీలోనా పెద్దమ్మా?"

"యా దేశమో నాకేం తెలుసప్పా! ఆ పిల్లకు ఆడ పింఛను పెడితే, ఈడ వాళ్ల నాయన పింఛను తీసేస్తారా?"

మహానందికి మజ్జిగ పొలమారింది. "ఆ పిల్లకు పింఛనొచ్చేటప్పటికి వాళ్ల నాయనకు నూరేండ్లు దగ్గర పడుంటాయి. అప్పటికీ ఈ గుంటలోనే ఉంటే నేనే వచ్చి దండేస్తాలే."

"ఎగతాళి చెయ్యొద్దప్పా. ఒకటో తేదీన ఆ పిల్ల ఆడ ఇంట్లో లేకపోతే?"

"లేకపోతే ఏంది?" మహానంది గ్లాసు పక్కన పెట్టాడు. "మనకు సర్కారు ఇస్తాది, అందుకే మనిషి ఉండాడా లేడా అని వాకిట్లోకి వచ్చి చూసుకుంటాది. వాళ్లది అట్ల కాదు. జీతంలో నుంచి వాళ్లే కట్టుకునేది. ఆసుపత్రోళ్లు దానిమీద ఇంకొంత కడతారు. మా బావమరిది ఆడనే ఉండాడు, చెప్పినాడు. బతికే ఉండామని యేడాదికొకసారి కాయితం పంపితే చాలు, యాడుంటే ఆడికి బ్యాంకులో పడతాది."

"మాధవరంలో ఉన్నా?"

"ఇదే అరుగు మీద కూర్చోని తీసుకోవచ్చు."

రామలక్ష్మమ్మకు గుండె తేలికవ్వాలి. కాలేదు. ఇంతకాలం గట్టిగా పట్టుకున్న భయాన్ని ఎవరో చేతిలోంచి లాక్కున్నట్టయింది. భయం పోతే కూతుర్ని రమ్మనడానికి ఇక మిగిలిన కారణమేముంది? పిల్లను చూడాలని ఉందనడమేగా.

"ఆ బ్యాంకు మునిగిపోతే?" అంది.

"పోయొస్తా పెద్దమ్మా" అని మహానంది బండి తీశాడు.

మధ్యాహ్నం సంగటి ముద్ద, నంజుకోవడానికి శనక్కాయ ఊరిబిండి పెట్టి మళ్లీ మొదలుపెట్టింది. "ఇని ఉంటావుగా. యాడున్నా వస్తాదంట. అయినా రెండేండ్లు ఎందుకు? మనకు ఆ పింఛనొద్దు, ఆ దేశమొద్దు. రెండేండ్లలో ఏమన్నా కావచ్చు. యుద్ధమొస్తాది. జొరమొస్తాది. ఎవురో తెల్లోణ్ని పెండ్లి చేసుకుంటాది. నువ్వు రమ్మని చెప్తావా, చెప్పవా?"

ఓబుళేశు ముద్ద మింగాడు. కాసేపు ఆలోచించాడు.

"ఉప్పు తక్కువైంది" అన్నాడు.

ఆమె ఉప్పు డబ్బా తెచ్చి ఆయన ముందు పడేసింది. మగ్గాన్ని తిట్టింది, ఆ మగ్గానికి తనను కట్టబెట్టిన పుట్టింటివాళ్లను తిట్టింది, చివరికి ఎవరినీ తిట్టడానికి మిగలక రాట్నం ముందు కూలబడింది. తిట్టేటప్పుడు దారం తెగుతుంది. ఆమెకు తెగలేదు. చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి.

పొద్దు వాలుతుండగా ఓబుళేశు నేత అయిన చీరను మగ్గం నుంచి కోశాడు. పడుగిచ్చి నేయించుకునే షావుకారు మనిషి వచ్చి మడత విప్పి అంచు చూసుకున్నాడు. గడప దాటుతూ ఆగి, "మళ్లీ ఆలోచించుకో మామా, పడుగు పంపమంటావా?" అన్నాడు.

"వద్దు. పొద్దునే ఫోనులో చెప్పినా గదా."

రామలక్ష్మమ్మ రాట్నం ఆగింది. పడుగు వద్దనడమంటే మగ్గం ఖాళీ. కాపురానికి వచ్చినప్పటినుంచి ఆ ఇంట్లో మగ్గం ఖాళీగా ఒక్క పండగపూట కూడా లేదు. మోకాళ్లు ఇక గుంటలోకి దిగకూడదని కడప డాక్టరు చెప్పినప్పుడు ఆయన తల ఊపి ఊరుకున్నాడు. ఊరుకున్నాడంటే వినలేదని ఆమె అనుకుంది.

ఓబుళేశు రెండు చేతులతో మగ్గం దూలం పట్టుకుని లేచాడు. ఒక మోకాలు గట్టు మీద ఆనించాడు. తర్వాత రెండోది. ఆమె పరుగున పోయి రెక్క పట్టుకుంది. ఆయన వద్దనలేదు.

అప్పుడే ఫోను మోగింది. తెరమీద సాహితి, తెల్ల చొక్కాలో, ముందర అన్నం డబ్బాతో.

"నాన్నా, చెప్పు. ఏం చేయమంటావు?"

ఓబుళేశు గోడకు చేరగిలబడి ఫోను వైపు చూస్తూ ఉండిపోయాడు. వీధిలో ఎవరి మగ్గమో ఆడుతోంది. సాహితి చెంచా పక్కన పెట్టింది.

"మాట్లాడయ్యా" అంది రామలక్ష్మమ్మ. "ఆ పిల్ల తినే టయిమయిపోతాంది. రమ్మను. నీకు దండం పెడతా."

ఆయన కూతురితోనే, కానీ భార్య చేతి మీది గీత వంక చూస్తూ అన్నాడు.

"మీయమ్మ వచ్చిన కాడి నుంచి కండెలు చుడతానే ఉండాది పాపా. నేను నేసిన చీర ఒక్కటి కూడా ఆమె చెయ్యి లేకుండా కాలేదు. నాకు నేతగాడని కార్డిచ్చినారు. ఆమెను ఇంటి పని అని రాసుకున్నారు. నేనీపొద్దు మగ్గం దిగినా. ఆమె దేన్నుంచి దిగాల? నీ పనిని పనని నీ పేరు మీద రాసుకుంటాండారు గదా. ఆ ఐదేండ్లు నిండేదాకా ఉండమ్మా."

మగ్గం గుంటలో, ఆయన కాళ్లతో తొక్కే చెక్కలు రెండూ పక్కపక్కన ఆగి ఉన్నాయి. బొటనవేలు ఆనే చోట కుడిచెక్క లోతుగా అరిగి, నూనె రాసినట్టు నున్నగా మెరుస్తోంది.