గంగి పిల్లలు, లోవమ్మ చెయ్యి

లోవమ్మకి తెలియని సంగతంటూ లేదని మా పల్లెలో అందరికీ తెలుసు. ఎందుకంటే ఆ మాట రోజూ ఆవిడే చెప్పేది. గౌతమి గట్టున మా చేపలవాళ్ళ ఇళ్ళు ఓ ముప్పై ఉండేవి. ఆ ఇళ్ళలో పుట్టిన ప్రతి పసిబిడ్డకీ ఆవిడే నీళ్ళు పోసింది. పీటమీద కూచుని, కాళ్ళు బారచాపి, బిడ్డని కాళ్ళమీద వేసుకుని, ఆముదం రాసి, నలుగు పెట్టి, వేడినీళ్ళు దబదబా పోసి, సాంబ్రాణి పొగ పట్టి తల్లి పక్కలో వేస్తే, ఆ బిడ్డ పొద్దువాలేదాకా మళ్ళీ కిక్కురుమనేది కాదు. నాకూ ఆవిడే పోసింది, నా పిల్లలకీ ఆవిడే పోసింది. నా ముక్కు ఇంత తిన్నగా రావడం తన చేతి చలవేనని కనపడ్డప్పుడల్లా చెప్పేది. నా ముక్కు అంత తిన్నగా ఏమీ ఉండదు, అది వేరే సంగతి.

అలాంటి మనిషిని ఏడాదినుంచి ఎవరూ పిలవడం లేదు. మా పల్లెపెద్ద పల్లంరాజుకి లేకలేక ఒక మగపిల్లాడు పుట్టాడు. లోవమ్మ నీళ్ళు పోసిన మర్నాడే ఆ పిల్లాడు పోయాడు. ఎందుకు పోయాడో ఎవరికీ తెలియదు. పల్లంరాజు పెళ్ళాం చిన్నమ్మాయి ఆ తరవాత ఒక్క మాట కూడా అనలేదు. పల్లంరాజు మాత్రం, "ఆవిడ హస్తవాసి పోయింది, ఇంక ఎవరూ పిలవకండి" అన్నాడు. పెద్దవాడి మాట గదా, ఊరి మాటైపోయింది. అక్కణ్ణించి ఎవరింట్లో బిడ్డ పుట్టినా ఎగువపల్లెనుంచి సంపూర్ణమ్మ వచ్చి నీళ్ళు పోసి వెళ్ళేది.

లోవమ్మ దిగమింగుకుంది. కానీ ఆ ఏడు ఆవిడ కోడలు వీరవేణి నెలలు నిండుతూ ఉంది. మొదటి కాన్పు పుట్టింట్లో అయింది కాబట్టి రెండోది అత్తింట్లోనే. వీరవేణి మంచి పిల్లే, కానీ భయస్తురాలు. చాటుగా సంపూర్ణమ్మకి కబురు పెట్టింది. మా పల్లెలో చాటుగా జరిగేదేముంది? సాయంత్రానికల్లా లోవమ్మకి తెలిసిపోయింది. "నా కొడుకు బిడ్డకి ఇంకోత్తి నీళ్ళు పోస్తుంటే నేను గుమ్మంలో కూచుని చూడాలిటే" అని నా దగ్గర కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఆవిడ ఏడవడం నేను చూడడం అదే మొదటిసారి.

రాజమండ్రి దగ్గర గోదారిమీద రైలువంతెన స్తంభాలు లేస్తున్న రోజులవి. వరద మొదలై ఏటికి ఎర్రనీరు వచ్చేసింది. ఒకరోజు తెల్లారగట్ల గంగి రేవులోకి నీళ్ళు తాగడానికి దిగి మొసలి నోట పడింది. గంగి అంటే గట్టుమీద మా ఎండుచేపలకి కాపలా ఉండే కుక్క. ఒక్క నక్కని దగ్గరికి రానిచ్చేది కాదు. బోర్లించిన పడవ కింద దాని పిల్లలు నాలుగు, ఇంకా కళ్ళు తెరవనివి, కుయ్యి కుయ్యిమంటున్నాయి. లోవమ్మ కొడుకు రాముడు వాటిని చేపలగంపలో వేసుకుని ఇంటికి తెచ్చాడు.

"ఎందుకు తెచ్చావురా? కళ్ళు తెరవని కుక్కపిల్లలు తల్లి లేకుండా ఎక్కడైనా బతుకుతాయా?" అన్నాడు పల్లంరాజు, దారిలో వల బాగుచేసుకుంటూ.

"ఎందుకు బతకవు? ఇటియ్యరా, నేను బతికిస్తాను" అంది లోవమ్మ, పల్లెంతా వినేలా.

వీరవేణి అత్తని పొయ్యి దగ్గరికి లాక్కెళ్ళింది. "వద్దత్తా. ఇవి చచ్చిపోతే ఆ మాట కూడా నీ మీదకే వస్తుంది. ఆ తరవాత నేను నిన్నే పొయ్యమందామనుకున్నా ఎవరూ ఒప్పుకోరు."

"బతికితేనో?"

వీరవేణి నేలచూపులు చూసింది గానీ బదులు చెప్పలేదు. ఆ చెప్పకపోవడమే లోవమ్మకి చాలు. ముసల్దానికి ఒక్కసారిగా ఇరవై ఏళ్ళు తగ్గాయి.

ఇంకేముంది, పెరట్లో కాగు ఎక్కించింది. పీట వేసుకుని కాళ్ళు చాపింది. ఒక్కో కుక్కపిల్లనీ కాళ్ళమీద వేసుకుని ఆముదం రాసింది, నలుగు పెట్టింది, వేడినీళ్ళు పోసింది, ముక్కులు కూడా నొక్కింది. పల్లెంతా వచ్చి చూసి పొట్టలు పట్టుకుని నవ్వాం. "బొట్టు పెట్టవేంటత్తా?" అని నేనే అడిగాను. సాంబ్రాణి వేసింది. ఒళ్ళో వెల్లకిలా పడుకోబెట్టుకుని ఉగ్గుగిన్నెతో మేకపాలు పోసింది. పాలు సగం వాటి ముక్కుల్లోంచి బయటికొచ్చాయి. "పసివాళ్ళు మొదట్లో అలాగే కక్కుతారు, నాకు తెలీదా" అంది.

మర్నాటికి అన్నిట్లోకీ చిన్నది చచ్చిపోయింది.

మిగతా మూడూ చల్లగా, మెత్తగా పడి ఉన్నాయి. పొట్టలు మాత్రం డప్పుల్లా బిగిసిపోయాయి. లోవమ్మ వాము నమిలి పొట్టమీద ఊదింది. ఇంగువ అరగదీసి బొడ్డు చుట్టూ రాసింది. ఏ మందుకీ అవి లొంగలేదు. పాలు పెడితే నోరు తిప్పుకుంటున్నాయి. పల్లంరాజు వచ్చి కంచె మీంచి చూసి, ఏమీ అనకుండా వెళ్ళిపోయాడు. అతను ఏదైనా అని ఉంటే లోవమ్మ నాలుగు దులిపేసేది, ఆ కాస్త ఊరటైనా దక్కేది. అతని వెనకే వచ్చిన చిన్నమ్మాయి మాత్రం అక్కడే నిలబడి ఉంది. ఆవిడ కుక్కపిల్లల వంక చూడలేదు, లోవమ్మ చేతుల వంక చూసింది. ఆ చూపుకి లోవమ్మ చేతులు కొంగు కింద దాచుకుంది.

కాసేపటికి నా దగ్గరికొచ్చింది. "కాలవ అవతల మిషనుపేటలో జ్ఞానమ్మ వాళ్ళ కుక్క ఈనిందిట. నాతో రా."

"దాని పాలు పిండుకొద్దామా అత్తా?"

"నోరు మూసుకుని రా."

జ్ఞానమ్మ ఊడ్పులకి పోయి అప్పుడే వచ్చి కాళ్ళు కడుక్కుంటోంది. మా పల్లెవాళ్ళెవరూ ఆ పేటలోకి పోరు గనక, మమ్మల్ని చూసి కంగారుపడింది. "ఏంటమ్మా, ఇలా వచ్చారు?"

"మీ కుక్కని చూద్దామని."

"మా కుక్కనా అండి? ఎవరినైనా కరిచిందా అండి?"

"అది కరవలేదమ్మా. దాని దగ్గర ఒక పని నేర్చుకోవాలి" అంది లోవమ్మ. నేను చెవులు రిక్కించుకున్నాను. ఒకరి దగ్గర నేర్చుకోవాలి అన్న మాట ఈవిడ నోటినుంచి నేను వినడం అదే మొదలు. జ్ఞానమ్మ పాపం, ఏమనుకుందో గానీ, తాటాకు చాప తెచ్చి చూరు కింద పరిచింది.

చూరు కింద గుంట తీసుకుని పడుకుంది ఆ కుక్క. పిల్లలన్నీ దాని పొట్టకింద ఒకదానిమీద ఒకటి పడి ఉన్నాయి. లోవమ్మ చాపమీద కూచుని చూడడం మొదలెట్టింది. కుక్క ఓసారి గుర్రుమని, ఈవిడ కదలకపోయేసరికి ఊరుకుంది. ఎండ చూరు దాటిపోయింది. నాకు ఇంటిదగ్గర పనులు గుర్తొచ్చాయి, లోవమ్మకి మాత్రం ఏవీ గుర్తురాలేదు. తనలో తను గొణుక్కుంటోంది. "నీళ్ళు పొయ్యదు… కాళ్ళమీద వేసుకోదు… బోర్లా పడుకునే తాగుతున్నాయి, ఒక్కటీ వెల్లకిలా లేదు… చలికి వదలదు, పొట్టకిందే…"

అంతలో తల్లికుక్క ఒక పిల్లని ముక్కుతో దొర్లించి, తోకకింద, పొట్టకింద నాకడం మొదలెట్టింది. నాకింది, నాకింది. ఆ పిల్ల సన్నగా ఉచ్చ పోసింది. తల్లి ఇంకోదాన్ని దొర్లించింది. దాన్నీ నాకింది. అదీ పోసింది.

లోవమ్మ నా మోచెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందంటే గోళ్ళ అచ్చులు పడ్డాయి. "అయ్యో, వాటంతటవి పోసుకోలేవే! తల్లి నాకితేగాని రాదే! నిన్నటినుంచి కట్టుకుపోయి చస్తున్నాయి, నేనేమో వాము ఊదుతున్నాను!"

ఆవిడ పరుగెత్తడం చూడాలి. అరవై దగ్గరపడ్డ మనిషి, చీర మోకాళ్ళదాకా ఎగ్గట్టుకుని, కాలవమీద వంతెనగా వేసిన తాటిదుంగ ఊగుతున్నా లెక్కచెయ్యకుండా దాటేసింది. ఇంటికి రాగానే పాతగుడ్డ పీలిక ఒకటి గోరువెచ్చటి నీళ్ళలో ముంచి పిండి, ఒక పిల్లని అరచేతిలో బోర్లా పెట్టుకుని, ఆ తడిగుడ్డతో తోకకింద మెల్లిగా రాయసాగింది. ఏమీ కాలేదు. ఇంకా రాసింది. వీరవేణి నడుముమీద చెయ్యి పెట్టుకుని పక్కన నిలబడింది.

పోసింది. చుక్కలు చుక్కలుగా మొదలై, లోవమ్మ మణికట్టు దాటి మోచేతిదాకా కారింది.

"పోసింది! ఓరి నాయనో, పోసేసింది!" అని లోవమ్మ వేసిన కేకకి రేవులో ఉన్నవాళ్ళు ఎవరో పోయారనుకుని పరుగెత్తుకొచ్చారు. వచ్చి చూస్తే ఏముంది, కుక్కపిల్ల ఉచ్చ! అయినా ఎవరూ వెనక్కి పోలేదు. రెండోదాన్ని పట్టుకుంది. అదీ పోసింది. మూడోది మొరాయించింది. పల్లెంతా చుట్టూ చేరి ఊపిరాడనివ్వకుండా, "పొయ్యవే, పొయ్యవే తల్లీ" అని బతిమాలాం. చివరికి అది పోసిన పోతకి రాముడు ఈలవేశాడు. పట్టిసీమ వీరభద్రుడికి కొబ్బరికాయ కొడతానని కూడా మొక్కేశాడు. బిగిసిన పొట్టలు మా కళ్ళముందే మెత్తబడ్డాయి. మేకపాలలో ముంచిన వత్తి బోర్లా ఉన్న పిల్ల నోట పెడితే, చప్చప్‌మంటూ లాగింది. ఆ చప్పుడు కన్నా మంచి చప్పుడు నేను అంతకుముందు వినలేదు, ఒట్టు.

జనం సందడిగా నవ్వుతుంటే లోవమ్మ తలెత్తింది. చిన్నమ్మాయి కంచె పక్కన ఒక్కత్తే నిలబడి ఉంది. లోవమ్మ లేచి, ఆ తడి చేతులతోనే అటు నడిచింది. నవ్వులు వాటంతటవే ఆగిపోయాయి.

"ఆ రోజు నువ్వు చెప్పావమ్మా, పిల్లాడి ఒళ్ళు వెచ్చగా ఉంది, ఇవాళ వద్దేమో అత్తా అని. నాకు చెబుతున్నావా అని కసిరాను. నీళ్ళ మూలంగా పోయాడో, ముందే జబ్బు ఉందో నాకు తెలీదు. అది నిజంగానే తెలీదు. కానీ నీ మాట వినలేదు, అది తెలుసు. నిన్న వీటికి నీళ్ళు పోసి ఒకదాన్ని చంపాను. ఇవాళ కుక్క చెప్తే విన్నాను. తల్లివి, నువ్వు చెప్తే వినలేకపోయాను."

చిన్నమ్మాయి ఆ తడి చేతుల వంక ఓసారి చూసింది. వెనక్కి తిరిగి ఇంటికి వెళ్ళిపోయింది. లోవమ్మ అక్కడే నిలబడిపోయింది. ఏడాదిపాటు పల్లెంతా గుసగుసలాడిన మాటని నలుగురిలో తనే పైకి అనేసింది. పల్లంరాజుకి అనడానికి ఇంకేమీ మిగల్లేదు.

ఇక ఆ మూడు పిల్లల వైభోగం ఏం చెప్పను. ఊకపోసిన గంపలో పాతచీర పరిచి, పొయ్యి దగ్గర పెట్టి, పాలకి ముందోసారి, పాల తరవాత ఓసారి తడిగుడ్డతో తుడుస్తూ, లోవమ్మ వాటికి తల్లికుక్కే అయిపోయింది. స్నానం మాట ఎత్తితే తిట్టేది. కళ్ళు తెరిచాయి. లేచి, పడి, మళ్ళీ లేచాయి. ఒకరోజు మూడూ కలిసి పల్లంరాజు పంచె అంచు పట్టుకుని లాగాయి. అతను వంగి ఒకదాన్ని మెడపట్టి పైకెత్తి, బరువు చూసి, "బాగానే బలిశాయి" అని దింపాడు. అంతకుమించి ఒప్పుకునే మనిషి కాడతను.

వరద తీసి, గట్టు ఆరుతున్నప్పుడు వీరవేణికి ఆడపిల్ల పుట్టింది. మూడోనాడు సంపూర్ణమ్మ రానే వచ్చింది, కబురు వెనక్కి తీసుకోడానికి వీరవేణికి నోరు రాలేదు మరి. వస్తూనే కొంగు నడుముకి దోపి, కాగులో చెయ్యి పెట్టి చూసుకుంటోంది. లోవమ్మ పెరట్లో ఓ మూల చతికిలబడి, ఎటూ చూడకుండా పుల్లతో నేల గీస్తోంది. వీరవేణి బిడ్డని పట్టుకుని గుమ్మంలో నిలబడి ఇటు ఒకసారి, అటు ఒకసారి చూస్తోంది. ఆ పిల్ల పడుతున్న అవస్థ చూడలేక నేనే ఏదో ఒకటి అనేద్దామనుకున్నాను.

అప్పుడు చిన్నమ్మాయి వచ్చింది. కొడుకు పోయింది మొదలు ఆవిడ ఏ పురిటింటి గడపా తొక్కలేదు. నేరుగా వీరవేణి దగ్గరికి వెళ్ళి చేతులు చాపింది. వీరవేణి ఒక్క క్షణం ఆలోచించకుండా బిడ్డని ఇచ్చేసింది. చిన్నమ్మాయి ఆ బిడ్డ మెడమీద తన చెంప ఆనించి, ఒంటి వేడి చూసింది. తరవాత పెరట్లోకి నడిచి లోవమ్మ ముందు నిలబడింది.

"కాళ్ళు చాపత్తా."

లోవమ్మ తలెత్తి చూసింది. చేతిలో పుల్ల జారిపోయింది. "నువ్వా ఈ మాట అంటున్నావు?"

"నేనే. ఒళ్ళు చల్లగా ఉంది, నేను చూశాను. కాళ్ళు చాపు."

కంచె అవతల పల్లంరాజు ఏదో అనబోయాడు. పెళ్ళాం మొహం చూసి, తలపాగా తీసి భుజాన వేసుకుని ఊరుకున్నాడు. "మరి నన్నెందుకు రప్పించారు?" అంది సంపూర్ణమ్మ. "పులస పులుసుందండి, తిని వెళుదురుగాని" అన్నాన్నేను. కూచుంది.

లోవమ్మ కాళ్ళు చాపింది. చిన్నమ్మాయి బిడ్డని ఆ కాళ్ళమీద పెట్టింది. లోవమ్మ ఆముదం రాసింది. నలుగు అయింది. చెంబు తీసుకుని నీళ్ళు ముంచింది. తన చేతిలో ఉన్న చెంబుని ఎప్పుడూ ఎవరికీ ఇవ్వని మనిషి, దాన్ని చిన్నమ్మాయి చేతిలో పెట్టింది.

"నేను పట్టుకుంటాను. నీళ్ళు నువ్వు పొయ్యమ్మా."

చిన్నమ్మాయి పోసింది. బిడ్డ పెట్టిన గోలకి రేవులో నావలవాళ్ళు కూడా ఇటు తిరిగారు. ఆ గోలకి చిన్నమ్మాయికి ఏడుపొచ్చింది, ఏడుస్తూనే నవ్వింది, నవ్వుతూనే కాగు ఖాళీ అయ్యేదాకా పోసింది.