భుజం కొలత

ఎల్డన్ రాతి మీదికి వంగి నాలుగో వరసలో గంట్లు పెడుతున్నాడు. ఉలి మీద పడే ఒక్కో దెబ్బకీ చిటికెడు నల్ల పొడి లేచి, ఆయన తెల్లటి కనుబొమల మీద వాలుతోంది. ఇంకా ఆరు కాలేదు. ఈస్టరు ముందటి పవిత్ర వారంలో బుధవారం కావడంతో సలమా ఊళ్లో అందరికీ పిండి కావాలి. దోన్యా కందెలారియా పిండిమర ముందు ఉడికించిన మొక్కజొన్న బక్కెట్లతో ఆడవాళ్లు గుమ్మం దాటి వీధిలోకి వరస కట్టారు. రెండు మరల్లో ఒకటి తిరుగుతోంది. రెండోదాని రాళ్లు విప్పి ఆయన ముందు పెట్టారు.

"దోన్ ఎల్డన్, గంట్లు కాస్త సన్నంగా పెట్టు. నిన్నటి రొట్టె మా ఆయన నమల్లేకపోయాడు" అంది వరసలో ముందున్న ఫిలొమేనా.

"మీ ఆయనకి పళ్లుంటే కదా!" అంది వెనకనుంచి ఎవరో. వరసంతా నవ్వింది.

ఎల్డన్ తల ఎత్తలేదు. "రాయిని అనకు ఫిలొమేనా. నువ్వు మొక్కజొన్న సరిగ్గా ఉడకబెట్టలేదు" అన్నాడు. అరచేత్తో రాతిని తడిమాడు. ఒకచోట చెయ్యి జారింది. అక్కడ మళ్లీ కొట్టాడు.

ఊరంతా 'దోన్' అని గౌరవంగా పిలిచినా, ఆయనది కెనడా. అక్కడ ధాన్యం గోదాముల్లో యంత్రాలు బిగిస్తూ ముప్ఫై ఎనిమిదేళ్లు పనిచేశాడు. వచ్చే పింఛను ఆ దేశంలో ఇంటద్దెకే చాలక, అరవయ్యో ఏట ఈ ఊరు చేరాడు. మర వెనక గదిలో దిగిన మూడో రోజే "అమ్మా, మీ రాయి మొద్దుబారింది. శబ్దం వింటే తెలుస్తోంది" అన్నాడు. పరదేశికి మొక్కజొన్న పిండి సంగతి ఏం తెలుసని కందెలారియా నవ్వింది. ఆ సాయంత్రం ఆయన గంట్లు పెట్టిన రాతి మీద ఆడిన పిండిని వేళ్ల మధ్య నలిపి చూసి, మరి నవ్వలేదు. అది జరిగి పంతొమ్మిదేళ్లు. ఇప్పుడు పిండి ముట్టుకుని, ఆయన గంటు పెట్టి ఎన్ని రోజులైందో చెప్పే ఆడవాళ్లు ఈ ఊళ్లో చాలామంది ఉన్నారు.

ఒక్క కోరిక మాత్రం ఆయనకు తీరలేదు. ఏటా ఈ బుధవారం సిలువ మోసే యేసు స్వామి పల్లకి ఊరేగుతుంది. ఒక్కో వీధికి నలభైమంది భుజం పడతారు. వచ్చిన మూడో ఏడు ఎల్డన్ తనకూ ఒక వంతు ఇమ్మని అడిగాడు. పల్లకి సంఘం కార్యదర్శి దోన్ యులోహియో కొలకర్ర తెచ్చి నిలబెట్టి, భుజం ఎత్తు చూసి పెదవి విరిచాడు. జానెడు ఎక్కువ. పల్లకి కింద భుజాలన్నీ ఒక ఎత్తున ఉండాలి. ఒక్కడు పొడుగైతే బరువంతా వాడి మీదే పడుతుంది, పక్కవాళ్లు ఊరికే నడుస్తారు. మరో రెండేళ్లు అడిగి, ఎల్డన్ అడగడం మానేశాడు. పొడుగుకి తగ్గ పనని ఆయన చేతికి గడకర్ర ఇచ్చారు. పల్లకికి ముందు నడుస్తూ, వీధికి అడ్డంగా వేలాడే కరెంటు తీగల్ని దాంతో పైకెత్తాలి. పదమూడేళ్లుగా ఆ పని లోపం లేకుండా చేశాడు. తీగల్నే చూస్తూ నడవడంవల్ల స్వామి ముఖం మాత్రం ఒక్కసారీ చూడలేదు.

మోసేవాడి ఎత్తు దేవుడు చూస్తాడా? చూడడనే నమ్మాలి. కానీ పల్లకికి దాని లెక్క దానికుంది.

ఏడింటికి యులోహియో గుమ్మంలోకి వచ్చాడు. "దోన్ ఎల్డన్, మధ్యాహ్నం రెండింటికల్లా గడకర్ర తీసుకుని వచ్చెయ్యి. నా ప్రాణం తీస్తున్నారివాళ. ఆ రిగొబేర్తో చీలమండ బెణికించుకు కూర్చున్నాడు. పల్లకి కింద వాడి చోటికి మనిషి లేడు."

"వస్తాను" అంటూ ఎల్డన్ పీట మీదనుంచి లేచాడు. లేచాడే గాని, నడుం సగంలోనే ఆగిపోయింది.

ఫిలొమేనా బక్కెట్టు కింద పెట్టింది. "ఏమయ్యా యులోహియో, ఈ మనిషి ఇంకా తాటిచెట్టంత ఉన్నాడనే అనుకుంటున్నావా? కళ్లజోడు పెట్టుకుని కొలువు."

యులోహియో నవ్వబోయి ఆగాడు. ఎల్డన్‌ని పైనుంచి కిందికి చూశాడు. వెళ్లి కొలకర్ర తెచ్చాడు. ఎల్డన్ గోడకు ఆనుకుని నిలబడ్డాడు. యులోహియో ఒకసారి కొలిచి, నమ్మకం లేక రెండోసారి కొలిచాడు. కర్ర మీద రిగొబేర్తో ఎత్తుకి పెట్టిన గీతకి భుజం సరిగ్గా వచ్చింది.

"కావాలని వంగావా?" అనుమానంగా అడిగాడు.

"నిటారుగానే నిలబడ్డాను. ఇంతే వస్తోంది" అన్నాడు ఎల్డన్.

పంతొమ్మిదేళ్లు ఆ రాళ్ల మీదికి వంగిన నడుం అది.

కందెలారియా దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది. "గుండె బాగాలేదు, బక్కెట్టు కూడా ఎత్తొద్దన్నాడు డాక్టరు. మర్చిపోయావా?"

"ఇది బక్కెట్టు కాదు కదమ్మా."

ఆమె ఆయన ముఖం చూసింది. లోపలికెళ్లి, రిగొబేర్తో వాళ్లింటినుంచి వచ్చిన, మోసేవాళ్లు తొడిగే ఊదారంగు అంగీకి ఇస్త్రీ చేసింది. నడుం వంగినా కాళ్లు పొడుగే కాబట్టి, అంగీ మోకాళ్ల కిందికి జానెడు కూడా రాలేదు. "మా వీధి పెళ్లికూతురు తయారైంది!" అని ఫిలొమేనా చప్పట్లు కొట్టింది. ఎల్డన్ కూడా నవ్వాడు.

రెండున్నరకి ఆయన వంతు వచ్చింది. వీధి పొడుగునా రంగు రంపపు పొట్టుతో ముగ్గులు పరిచి ఉన్నాయి. గడకర్ర పట్టిన ఏళ్లన్నీ ఆయన వాటి అంచునే నడిచాడు. మోసేవాళ్లకే తొక్కే హక్కు. బాకాలు మొదలయ్యాయి. పల్లకి దూలం భుజం మీదికి దిగింది. ఎల్డన్ ఒక్క క్షణం ఊపిరి బిగబట్టాడు. పక్కనే నడుస్తున్న యులోహియో, ముందువాడి భుజానికీ దూలానికీ మధ్య వేలు దూర్చి చూశాడు. వెనకవాడి దగ్గరా చూశాడు.

"సందు లేదు" అన్నాడు, ఎల్డన్ చెవి దగ్గర. "అందరిదీ సమంగా ఉంది. నడు."

వీధంతా ఒక్క అడుగుగా ఊగుతూ సాగారు. మలుపులో తర్వాతి వంతువాళ్లు భుజం పట్టాక ఎల్డన్ పక్కకి తప్పుకుని, తల తిప్పి చూశాడు. స్వామి ముఖం ఎండలో మెరుస్తూ ముందుకు వెళ్లిపోయింది.

నాలుగింటికి ఇంటికొచ్చి, బూట్లు గుమ్మం బయట విప్పి, అంగీతోనే కుర్చీలో కూర్చున్నాడు. "ఈ భుజం చూడు కందెలారియా. కందిపోయింది" అని, బడిలో బహుమతి వచ్చిన పిల్లాడిలా చూపించాడు. ఆమె కాఫీ తేవడానికి వెళ్లింది. తెచ్చేసరికి ఆయన గోడకు తల ఆన్చి ఉన్నాడు. పిలిచింది. చెయ్యి పట్టుకుని చూసింది. కాఫీ కింద పెట్టి, మర ఆపేసింది.

మర్నాడు శవపేటికను ఎత్తడానికి పల్లకి కింద ఆయన పక్కన మోసినవాళ్లే ఆరుగురు వచ్చారు. కొలత చూసుకుని నిలబడ్డారు. శ్మశానంనుంచి తిరిగొచ్చాక ఫిలొమేనా చీపురు తీసుకుని గుమ్మం ఊడవబోతే, కందెలారియా చెయ్యి అడ్డం పెట్టింది.

గుమ్మం పక్కన పెద్ద నల్ల బూట్లు రెండూ అలాగే ఉన్నాయి. వాటి అడుగు గాడుల్లో ఊదా, పచ్చ, పసుపు రంగుల రంపపు పొట్టు ఇరుక్కుని ఉంది.