అద్దంలో టీవీ

“కిటికీ వైపు ఇంకా మరక ఉందండీ” అంది మంచం మీది మనిషి.

అద్దాలాయన తడిగుడ్డ పిండి అద్దం పైమూలను మళ్లీ తుడిచాడు. మంచం గోడకు ఆనించి ఉంది. ఆ గోడకే, పడుకున్న మనిషి మొహానికి ఎదురుగా, పెద్ద అద్దం బిగించి ఉంది. తుంటి ఎముక విరిగి, అతుకు కుదరక, వీపంతా పుళ్లు పడ్డాక ఆయన భార్య ఒక్క పక్కకే తిరిగి పడుకోగలుగుతోంది. ఆ పక్కన గోడ తప్ప మరేమీ లేదు. తల కాళ్ల వైపుకు మారిస్తే పొయ్యి పక్కకు వస్తుంది, ఆ పొగకు దగ్గు ఆగదు. మంచం మధ్యకు లాగితే తలుపు తెరుచుకోదు. అన్ని రకాలుగా చూసి, చివరికి ఆయన తనకు చేతనైన పని చేశాడు. తను పని చేసే అద్దాల దుకాణంలో అంచు విరిగి పక్కన పడేసిన అద్దాన్ని అడిగి తెచ్చి గోడకు బిగించాడు. అప్పటినుంచి ఆవిడకు లోకమంతా వీపు వెనక నుంచే వస్తోంది. కిటికీ, దాని పక్కన గోడగూడు, ఆ పక్కన గుమ్మం, గుమ్మం అవతల సందులో నడిచేవాళ్ల కాళ్లు.

ఆ ఇంట్లో కుడి ఎడమలు లేవు. అద్దం వాటిని తారుమారు చేసేసింది. ఏది చెప్పుకున్నా కిటికీ వైపు, గుమ్మం వైపు అనే చెప్పుకుంటారు.

“పోయింది, ఇక చాలు. అద్దం అరిగిపోతుంది” అంది ఆవిడ.

ఆయన గుడ్డ ఆరేసి, పాలలో రొట్టె నానబెట్టి, చెంచాతో కొంచెం కొంచెంగా తినిపించాడు. మూతి తుడిచాడు. దుప్పటి ముడతలు లేకుండా లాగాడు. ముడత పడితే కొత్త పుండు లేస్తుంది. వంగినప్పుడు ఎడమ రెక్క భుజం దాకా లాగింది. మొన్న ఎత్తిన షోకేసు అద్దం బరువు ఇంకా వదల్లేదనుకున్నాడు.

గోడ అవతల సామాన్లు ఈడుస్తున్న చప్పుడు వినిపిస్తోంది. పక్కింటి టైలరమ్మ ఇల్లు ఖాళీ చేస్తోంది. పగలు ఆయన పనిలో ఉన్నప్పుడు వచ్చి మంచినీళ్లు పట్టించేది, పక్క సర్దేది ఆవిడే. ఆవిడ మిషను ఆ గోడ పక్కనే ఉండేది, మిషను పక్కన టీవీ. మిషను తొక్కుతూ సీరియళ్లు పెట్టుకునేది. ఆ మాటలు గోడలోంచి, అద్దంలోంచి వచ్చి మంచం మీది మనిషి చెవిలో పడేవి. సీరియల్లో ఎవరు ఎవరికి ఏమవుతారో, ఎవరు ఎవరి ఇల్లు కూల్చబోతున్నారో ఆవిడకు అంతా తెలుసు. మొహాలే తెలియవు. సందులో వెళ్లే కాళ్లకు ఆ గొంతులు తగిలించుకుని కాలక్షేపం చేసేది. ఈడ్చుకుంటూ నడిచే చెప్పులు అత్తవి. ఎప్పుడూ పరుగెత్తే వట్టి పాదాలు ఆ ఏడ్చే కోడలివి.

టైలరమ్మ చెంగుతో మొహం తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చింది.

“వదినా, వెళ్లొస్తానే. మా తమ్ముడు అక్కడ రెండు మిషన్లు వేసిపెట్టాడు, రమ్మని ఒకటే గోల. నాతోపాటు నీ కోడలు పిల్ల కూడా వచ్చేస్తోంది. ఇక ఆ ఏడుపు నీకు వినపడదు, హాయిగా ఉండు.”

“హాయేముంది నా మొహం! ఆ పిల్లని అత్త ఇంట్లోంచి గెంటిందో లేదో తెలీకుండా నేనెలా చస్తాను?”

“విన్నారా అన్నయ్యా! టీవీ చూసేదాకా మా వదిన చావదట. మీరు కొనకండి, నూరేళ్లు బతుకుతుంది.”

ముగ్గురూ నవ్వారు. నవ్వుతూనే టైలరమ్మ అద్దంలోకి చూసి, అందులో వదిన కళ్లు తనను చూస్తుంటే, తల పక్కకు తిప్పుకుంది.

“కేబులాయనతో చెప్పానన్నయ్యా. మా తీగే మీ కిటికీలోంచి వేసేశాడు. ఇక టీవీ తేవడమే తరువాయి.”

“ఇవాళే తెస్తున్నానమ్మా” అన్నాడు అద్దాలాయన.

“ఆర్నెల్ల నుంచీ ఇవాళే” అంది మంచం మీది మనిషి. “అయినా అద్దంలో అక్షరాలు తిరగబడి ఉంటాయి కదండీ. చివర్లో పేర్లు వేస్తారట. ఆ ఏడ్చే పిల్ల అసలు పేరేంటో చూడాలనుంది.”

“పేరుతో నీకేం పనే, మొహం చూడు చాలు” అని ఆయన చెప్పులేసుకున్నాడు. గుమ్మం దాటాక ఆగి, ఆకాశం వైపు చూసి చేతులు జోడించాడు. ఆవిడ పడ్డ రోజున ఆయన దేవుణ్ణి గట్టిగా ఒక కోరిక కోరాడు. ఆ తర్వాత అడగడం మానేశాడు, దండం పెట్టడం మానలేదు. అడగకుండా పెట్టే దండాన్ని పైవాడు ఏం చేసుకుంటాడో మనకు తెలియదు. ఎక్కడో దాస్తాడనే అనుకోవాలి.

దుకాణంలో గాజుపలకలు చెక్క చట్రాల్లో నిలబడి ఉంటాయి. గాజును పడుకోబెట్టకూడదు, దాని బరువుకు అదే పగులుతుంది. ఆ దుకాణంలో చేరిన మొదటి రోజున ఆయనకు నేర్పింది అదే. పలకను బల్ల మీదికి తెచ్చినప్పుడు ఆయన ఎప్పుడూ ఎదురుగా నిలబడి చూడడు. పక్కకు వంగి, చెంప బల్లకు ఆనేంతగా ఏటవాలుగా చూస్తాడు. ఎదురుగా చూస్తే ఏ గాజూ తప్పు చూపించదు. పక్కనుంచి చూస్తేనే అలలు, బుడగలు బయటపడతాయి. ఆ పొద్దున రెండు కిటికీలకు గాజు కోశాడు. కోత గీసేటప్పుడు కీచుమని సన్నటి చప్పుడు, విరిచేటప్పుడు టప్పుమని ఒకే ఒక్క మాట. అంచులు నీళ్లతో నూరుతుంటే చెమట పట్టింది. చల్లటి చెమట. యజమాని అది చూశాడు.

“ఏమయ్యా, ఒంట్లో బాగాలేదా?”

“నిద్ర చాల్లేదండి. మధ్యాహ్నం నుంచి సెలవు ఇస్తారా, టీవీకి వెళ్లాలి.”

“మళ్లీనా! సంబంధాలు చూడ్డానికి కూడా ఎవరూ ఇన్నిసార్లు తిరగరయ్యా. ఇవాళైనా ఖాయం చేస్తావా, మళ్లీ పిల్ల నలుపని వచ్చేస్తావా?”

“ఇవాళ ఖాయమేనండి” అని ఆయన నవ్వి, చేతులు కడుక్కుని, చొక్కా జేబులో అద్దంముక్క ఉందో లేదో తడుముకున్నాడు. అరచేయంత ముక్క. అంచులు తనే నూరి నున్నగా చేసుకున్నాడు.

టీవీల కొట్టు గుమ్మం దగ్గర కాపలా అతను ఆయన్ని చూడగానే లోపలికి కేక వేశాడు. “అద్దం బాబాయ్ వచ్చాడు! టీవీలకి గడ్డం గీస్తాడు, సబ్బు తెండి!”

ఆ ఎగతాళికి కారణం ఉంది. గోడ నిండా టీవీలు వెలుగుతుంటే అద్దాలాయన వాటికి వీపు పెట్టి నిలబడతాడు. జేబులోంచి అద్దంముక్క తీసి భుజం మీదుగా చూస్తాడు. తర్వాత నేలమీద గొంతుక్కూర్చుని, మంచం ఎత్తుకు తల దించి, మెడ వాల్చి మళ్లీ చూస్తాడు. ఇంట్లో ఆవిడకు ఎలా కనబడుతుందో అలాగే కనబడాలి మరి.

అక్కడ పనిచేసే అమ్మాయి మాత్రం ఎగతాళి చెయ్యదు, విసుక్కుంటుంది.

“ఈ పెద్దది తీసేసుకోండి బాబాయ్. అదే రేటుకి ఇంత పెద్దది వస్తుంటే చిన్నదాని మీద పడతారేంటి?”

“అది ఎదురుగా కూర్చునేవాళ్లకమ్మా. పక్కనుంచి చూస్తే మొహాలు పాలిపోతున్నాయి. పాలిపోయిన మొహం మా ఆవిడ రోజూ చూస్తూనే ఉంది, నాది.”

అమ్మాయికి నవ్వొచ్చింది. అద్దాలాయన నవ్వలేదు.

“తెరమీద ఈదే ఆ చేపలు తీసేసి వార్తలు పెట్టు. చేపలు ఏ టీవీలోనైనా బాగానే ఉంటాయి. మనిషి మొహం చూడాలి. వెలుతురు కూడా తగ్గించమ్మా, మా ఇంట్లో ఇన్ని లైట్లు లేవు.”

ఆర్నెల్లుగా ఆయన నిగనిగలాడే తెరలనే చూస్తున్నాడు. వేలి కణుపుతో తట్టి, గాజు పలికితేనే మనసు ఒప్పుకునేది. కానీ ఏది చూసినా అద్దంలో బొమ్మ మీద కొట్టులోని దీపాలు దయ్యాల్లా తేలేవి. ఇంట్లో అయితే కిటికీ తేలుతుంది. పగలంతా ఆవిడ మొహాల బదులు కిటికీనే చూడాలి.

“ఆ మూల ఉన్నది చూడండి” అంది అమ్మాయి. “షోలో పెట్టిన పీసు, రేటు తగ్గించి ఇస్తున్నాం. మీరు ఎప్పుడూ దాని మొహం చూడరు.”

మూలనున్న టీవీ తెర మసగ్గా ఉంది. కణుపుతో తడితే డొల్లగా, అట్టను తట్టినట్టు పలికింది.

“ఇది గాజు కాదు కదమ్మా.”

“కాదు. అందుకే దీంట్లో మీ కిటికీ కనపడదు.”

ఆయన వీపు తిప్పి, నేలమీద కూర్చుని, అద్దంముక్క ఎత్తి పట్టాడు. వార్తలు చదివే ఆవిడ అందులో స్పష్టంగా ఉంది. పక్కకు జరిగాడు, ఇంకా జరిగాడు. చెంపల రంగు మారలేదు. దీపాలు లేవు. కళ్లకింది చిన్న మచ్చ కూడా తెలుస్తోంది. బతుకంతా గాజు కోసిన మనిషికి, గాజు కానిదే బాగుందని ఒప్పుకోవడానికి కాసేపు పట్టింది.

“ఇదే ఇవ్వమ్మా.”

“అమ్మయ్య! ఎల్లుండి మా బండిలో పంపిస్తాం.”

అప్పుడే బయట కొట్టువాళ్ల బండి ఎక్కిస్తున్నారు. టీవీ పెట్టెను వెల్లకిలా పడుకోబెట్టి, దానిమీద ఫ్రిజ్ ఒకటి ఆనిస్తున్నారు. అద్దాలాయన గుండె కలుక్కుమంది. నిజంగానే కలుక్కుమందో, చూసినందుకే అలా అనిపించిందో ఆయనే చెప్పలేడు.

“వద్దమ్మా. నిలబెట్టి నేనే మోసుకెళ్తాను. ఎల్లుండి దాకా గోడ ఊరుకుని ఉంటుంది, ఆవిడకు తోచదు.”

గోడ ఏమిటో అమ్మాయికి అర్థం కాలేదు. “బాబాయ్, ఇంత ఎండలో ఎందుకు...” అంటూనే పెట్టెకు తాడు కట్టించింది.

అద్దాలు మోసే పట్టీ భుజానికి తగిలించి, పెట్టెను వీపుకు నిలువుగా ఆనించుకుని ఆయన బయల్దేరాడు. ఎన్నో ఏళ్లు అలాగే ఊరంతా కిటికీలు మోశాడు. ఇవాళ మాత్రం నాలుగు అడుగులకే ఊపిరి అందలేదు. ఒక ప్రహరీగోడ నీడన పెట్టెను నిలబెట్టి, దాన్ని పట్టుకుని నిలబడ్డాడు. పెట్టెను ఆయన పట్టుకున్నాడో, ఆయన్ని పెట్టె పట్టుకుందో చూసేవాళ్లకు తెలియదు. చూసినవాళ్లూ లేరు. ఎవరి దారిన వాళ్లు తప్పుకుని వెళ్లారు. ఒకాయన మాత్రం, “దారికి అడ్డంగా ఏంటయ్యా” అన్నాడు. ఆయన పెట్టెను పక్కకు జరిపాడు. పడుకోబెట్టలేదు.

సందు చేరేసరికి పొద్దు వాలుతోంది. టైలరమ్మ ఇంటికి తాళం వేలాడుతోంది.

“వచ్చారా! గుమ్మంలో ఏదో నల్లగా కదిలితే బీరువా నడుచుకుంటూ వస్తోందనుకున్నా” అంది ఆవిడ అద్దంలోంచి. అని, గోడను వేలితో తట్టి, “గోడ చచ్చిపోయిందండీ. మధ్యాహ్నం నుంచి ఉలుకూ పలుకూ లేదు” అంది.

ఆయన నీళ్లు తాగాడు, ఆవిడకు పట్టించాడు. టీవీని గోడగూట్లో పెట్టి తీగ కలిపాడు.

“కొంచెం గుమ్మం వైపు. ఇంకొంచెం. అబ్బ, ఎక్కువైంది, కిటికీ వైపు రండి. ఆఁ! కదపకండి.”

తెర వెలిగింది. అదే సీరియల్. గోడ అవతలి గొంతులు ఇప్పుడు గదిలోకి వచ్చాయి. ఆవిడ అద్దంలో మొహాలు ఒక్కొక్కటే వెతికి చూసింది. ఆ తర్వాత ఒక్కసారిగా నవ్వింది.

“ఏవండీ, ఈ పిల్ల ఇంత లావుందేంటి! ఏడుపు విని ఎముకలగూడు అనుకున్నాను. అత్తని చూడండి, ఎంత శాంతంగా ఉందో! పాపం, ఇన్నాళ్లూ దాన్ని రాక్షసిని చేశాను.”

“బాగా కనబడుతోందా?”

“పక్కన కూర్చున్నట్టుంది. సౌండు పెంచండి, పక్కింట్లో ఎవరున్నారు గనక!”

ఆయన రిమోట్ పట్టుకుని సౌండు బాగా పెంచాడు. తెరిచిన తలుపురెక్కకు వీపు ఆనించి, ఆవిడకు అద్దంలో కనబడేలా కింద కూర్చున్నాడు. గుండెల్లో ఏదో గట్టిగా నొక్కుతోంది. జేబులో అద్దంముక్క గుచ్చుకుంటోందనుకున్నాడు. తీసి, తెర వైపు తిరిగేలా, ముడిచిన కాళ్ల మీద గుండెకు ఆనించి నిలబెట్టుకున్నాడు. అయినా నొప్పి పోలేదు.

“మీరూ చూడండి మరి” అంది ఆవిడ.

“ఊఁ” అన్నాడు. ఆయన చూస్తున్నది పెద్ద అద్దంలో ఆవిడ మొహాన్ని. దాని మీద తెర రంగులు మారుతున్నాయి. ఆ రంగుల్లో పుళ్లూ, పడక, నొప్పీ ఏవీ కనపడలేదు.

“గెంటేసిందండీ! చూశారా, అన్నంత పనీ చేసింది.”

జవాబు రాలేదు. అలసిపోయాడు పాపం అనుకుంది. “నిద్రొస్తే చాప వేసుకుని పడుకోండి, మెడ పట్టేస్తుంది” అంది. ఆయన తల భుజం మీదికి వాలి ఉంది. కళ్లు సగం తెరిచి ఉన్నాయి. ఆవిడ చూపు మొహం మీదినుంచి గుండె దగ్గరి అద్దంముక్క మీదికి దిగింది. నిద్రపోయే మనిషి గుండె మీది వస్తువు పైకీ కిందికీ ఆడాలి. ఆవిడ దాన్నే చూస్తూ ఉంది. చాలాసేపు చూసింది.

“ఏవండీ” అని పిలిచింది. గట్టిగా పిలిచింది. వెనక్కి తిరగబోతే తుంటి తిరగనివ్వలేదు. గోడను అరచేత్తో బాదింది. గోడ అవతల ఎవరూ లేరు. సందులో కాళ్లు రెండు జతలు వెళ్లాయి, ఆగలేదు. ఆవిడ కేకను టీవీలో ఎవరిదో ఏడుపు మింగేసింది. రిమోట్ ఆయన వేళ్ల మధ్యే ఉంది. ఆ సాయంత్రం పైవాడు ఆ గదిని చూసే ఉంటాడు. ఎటు వైపు నుంచి చూశాడో మరి.

సీరియల్ అయిపోయింది. తెరమీద పేర్లు పైకి లేస్తున్నాయి. పెద్ద అద్దంలో అవి తిరగబడి, ఏ భాషో తెలియనట్టు పారిపోతున్నాయి. అదే పెద్ద అద్దంలో కనబడే, ఆయన గుండెకు ఆనిన చిన్న అద్దంలో మాత్రం అవే పేర్లు, ఇంకోసారి తిరగబడి, మళ్లీ నేరుగా, చదివితే చదవగలిగేలా ఒక్కొక్కటే సాగిపోతున్నాయి. ఆ అద్దంముక్క మాత్రం పెట్టినచోటే ఉంది, కదలకుండా.