ముప్ఫై ఏడో అభ్యంతరం

మా ఆఫీసులో నా పని లెక్కపెట్టడం. ఒక కంపెనీ పెద్ద ఆయిల్ పైపులైను వేస్తానని దరఖాస్తు పెట్టుకుంది. అనుమతి ఇవ్వాలా వద్దా అన్నది మా కమిటీ తేలుస్తుంది. వద్దనేవాళ్ల ఉత్తరాలు నా బల్ల మీదికి వస్తే ముద్ర వేసి, నంబరిచ్చి ఫైల్లో పెడతాను. అవి వంద దాటితే కమిటీ పైపు పోయే చోటికే వెళ్లి జనం మాట వినాలి. దాటకపోతే ఇక్కడే కూర్చుని ఓటేస్తారు.

ఆ పైపు అక్కావాళ్ల బావి పక్కనుంచే పోతుంది. అక్కా బావా పాతికేళ్లుగా ఆ నీళ్లతోనే నర్సరీ నడుపుతున్నారు. పైపు ఒక్కసారి కారిందంటే ఆ బావి సంగతి అంతే.

ఇంకో నిబంధన కూడా ఉంది. ఒకే మాటలతో ఎన్ని ఉత్తరాలొచ్చినా ఒకటిగానే లెక్కేయాలి. ఎవరో ఒకే కాగితాన్ని వేలల్లో అచ్చేయించి పంపిన రోజుల్లో పెట్టారట. ఇది ఏ గోడ మీదా రాసి ఉండదు. పైగా ఎవరికీ సలహాలివ్వబోమని మా చేత సంతకాలు కూడా తీసుకున్నారు.

రెండు నెలల కిందట అక్క మా ఇంటికొచ్చి, ఉత్తరం ఎలా రాస్తే బాగుంటుందని అడిగింది. నేను బట్టలు మడతపెడుతున్నాను. ఎవరి మాటల్లో వాళ్లు రాయండి అంటే సరిపోయేది. నోటిదాకా వచ్చింది కూడా.

"నేను చెప్పకూడదక్కా. ఉద్యోగం పోతుంది," అన్నాను.

అక్క ఏమీ అనుకోలేదు. వాళ్ల వీధి మాస్టారు తప్పుల్లేకుండా రాసిస్తారులే అంది.

ఆయన రాసిచ్చారు. వీధంతా దాన్ని చూసి రాసింది. సర్కారుకు రాసేదాంట్లో తప్పులు దొర్లితే పరువు పోతుందని వాళ్ల భయం. ఎంత శ్రద్ధగా రాశారంటే, తులసి మొక్కయినా లేని దర్జీ కూడా "మా నర్సరీ, మా బావి" అని రాశాడు. మొత్తం మూడు వందల పద్దెనిమిది. ఒక్కరైనా సొంతంగా ఒక ముక్క రాయకపోతారా అని రెండు రోజులు కూర్చుని అన్నీ చదివాను. ఒక్కరూ రాయలేదు. మాస్టారి మీద, వీధి మీద ఒళ్లు మండింది. నా మీద మండాల్సింది వాళ్ల మీదికి పోయింది.

మా పైఅధికారి వరుస కింద స్కేలు పెట్టుకుని చదువుతాడు. అందరం చాటుగా స్కేలు సారు అంటాం. ఆయన నాలుగు ఉత్తరాలు చూసి, "నిబంధన తెలుసుగా మీకు," అన్నాడు. తెలుసన్నాను. మిగతా చోట్ల నుంచి వచ్చినవి ముప్ఫై ఆరు. వీధి కట్టంతా కలిపి ఒకటి, దాంతో ముప్ఫై ఏడు. ఆ ఒక్కటీ ఏది పెట్టాలన్నది నా ఇష్టం. కట్టలోంచి అక్క ఉత్తరం వెతికి పెట్టాను. అక్కకు నేను చేసిన సాయం అదే.

ఓటింగుకు పన్నెండు నిమిషాలు పట్టింది. జనంలో పెద్దగా వ్యతిరేకత లేదు, ముప్ఫై ఏడే అన్నాడు ఒక సభ్యుడు. ఆ అంకె నేను వేసిందే. అనుమతిచ్చేదీ నిరాకరించేదీ రెండు ఆర్డర్లూ ముందే టైపు చేసి ఉంచడం మా దగ్గర రివాజు. నిరాకరించే ఆర్డరును చింపి బుట్టలో వేశాను. ఏడుపొస్తుందేమో అనుకున్నాను. ఏమీ రాలేదు. చేతులు కడుక్కుని భోజనానికి వెళ్లాను.

సాయంత్రం నర్సరీకి వెళ్లి అక్కకు చెప్పాను. నిబంధన సంగతీ చెప్పాను. నీకిది ముందే తెలుసా అని అడుగుతుందని, అడిగితే అవునని చెప్పాలని దారంతా అనుకుంటూ వచ్చాను.

అక్క మొక్కలకు నీళ్లు పడుతున్న పైపు కింద పెట్టి కొళాయి కట్టేసింది.

"ఆ ఒక్కటీ ఎవరిదే?" అంది.

"నీదే."

"పోన్లే. నాలుగుసార్లు చించేసి మళ్లీ రాశాను. ఒక్క కొట్టివేత కూడా లేదు చూశావా?"

చూశానన్నాను. అక్క ఇంకేమీ అడగలేదు. ఎండన పడి వచ్చావంటూ ఎప్పటిలాగే బావిలోంచి నీళ్లు తోడి చెంబుతో ఇచ్చింది. తాగాను.