సుత్తక్క బిగించిన మోటారు

పాత ఇనుము యార్డులో ఆవిణ్ణి అందరూ సుత్తక్క అనేవారు. అలాగని సుత్తి కొట్టే మనిషి కాదు, ఆమె నోట మాట రావడమే గగనం. చచ్చిన మోటార్లను పగలగొట్టి రాగి తీగ లాగడం తొమ్మిదేళ్ళుగా ఆమె పని. ఫ్యానుదైనా లిఫ్టుదైనా ఆమె ముందుకొచ్చిన గంటలో రాగి ఒక పక్క, ఇనుము ఒక పక్క.

ఆ నెలలో ఆమె ఉండే మేడకు నీళ్ళెక్కించే మోటారు కాలిపోయింది. రోజంతా సుత్తి ఎత్తిన చేతులతోనే సాయంత్రం మూడో అంతస్తుకు బకెట్లు మోసేది. భర్త పోయాక ఇంట్లో మిగిలింది ఆమె, మరిది. అతను ఒకప్పుడు మోటార్లకు రాగి తీగ చుట్టే పేరున్న వైండింగ్ మేస్త్రి. చేతులకు వణుకొచ్చాక పని మానేసి, ఏడాదిగా గోడకేసి చూస్తూ కూర్చుంటున్నాడు.

ఒక మధ్యాహ్నం యార్డులో సుత్తక్క ఒక మోటారు మీద ఉలి ఆనించి ఆగిపోయింది. మేడలో కాలిపోయినదీ అదే రకం. దీని తీగ మాత్రం ఎక్కడా నల్లబడలేదు. యజమానిని అడిగి, గోనెసంచిలో ఇంటికి మోసుకొచ్చింది.

"ఇది చూడు."

"నన్నొదిలెయ్ వదినా. స్క్రూ కూడా పట్టలేను."

"చూడమన్నాను. పట్టమన్లేదు."

చివరికి అతను లేచొచ్చి షాఫ్టు తిప్పబోయాడు. బిగుసుకుపోయి ఉంది.

"వైండింగ్ బతికే ఉంది. బేరింగులు పట్టేశాయి. వేరేవి వెయ్యాలి."

అతను చెప్పిన నంబరువి ఆమె మర్నాడు వేరే పాత మోటార్లలోంచి తెచ్చింది. ఆదివారం పొద్దున్నే ఇద్దరూ నేల మీద కూర్చున్నారు.

"నీకు విప్పడమే వచ్చు కదా?"

"అదీ రాదు. పగలగొట్టడమే వచ్చు."

ఏడాదిలో మొదటిసారి అతను నవ్వాడు. అతను చెబుతుంటే ఆమె పట్టేసిన బేరింగులు ఊడదీసి, తెచ్చినదాన్ని షాఫ్టుకు తొడిగి, పైపు ముక్క అడ్డుపెట్టి సుత్తితో కొట్టింది.

"మెల్లగా వదినా! పైపు ముక్క లోపలి రింగుకే ఆనించు. బయటిదాని మీద దెబ్బ పడితే బేరింగు పోతుంది."

బలంగా కొట్టడం అలవాటైన చేతులకు మెల్లగా కొట్టడం చేతకాలేదు. మూడుసార్లు బేరింగు పక్కకు ఒరిగింది. తీసి మళ్ళీ మొదలుపెట్టింది. మోటారును కిందికి దింపి పంపుకు బిగించేసరికి మధ్యాహ్నమైంది. స్విచ్ వేశాక పైపు రెండుసార్లు దగ్గి, పైన ట్యాంకులో నీళ్ళ చప్పుడైంది. కిటికీల్లోంచి జనం కేకలు వేశారు.

సుత్తక్క మెట్టు మీద చతికిలబడింది.

"నీళ్ళొస్తున్నాయి వదినా."

"వింటున్నా. కాసేపు లేపకు."

మర్నాడు పొద్దున మరిది చొక్కా వేసుకుని ఆమెతో యార్డుకు బయలుదేరాడు. మోటారు సంగతి విని యజమాని గేటు దగ్గర అతనికి ఒక స్టూలు వేయించాడు. అప్పటినుంచి ప్రతి మోటారునూ ముందు అతనే చూస్తాడు. వందలో ఐదారు బాగుచేయడానికి పనికొస్తాయి. తక్కినవన్నీ ఆమె సుత్తి కిందికే వస్తాయి. అతని వణుకూ తగ్గలేదు, ఆమె భుజాల నొప్పీ తగ్గలేదు. సాయంత్రం ఇద్దరూ ప్రతి అంతస్తులోనూ ఆగుతూ, అలుపు తీర్చుకుంటూ ఇంటికి ఎక్కుతారు.