సామ్రాజ్యమ్మ ఊపిరితిత్తిలో మెరుపు

నేను ఒక కంప్యూటర్‌ను. పాటలు వినిపించేదాన్నీ, పెళ్లి ఆల్బమ్‌లు దాచేదాన్నీ కాను. ఇప్పుడు స్టోర్ రూములో దుమ్ము పట్టి ఉన్నా, ఒంగోలులోని ఒక స్కానింగ్ సెంటర్‌లో తొమ్మిదేళ్లు మనుషుల లోపలి బొమ్మలు కట్టాను. పక్క గదిలో సీటీ యంత్రం మనిషి చుట్టూ గిర్రున తిరిగి వేల నీడలు నా మీదికి విసిరేది. ఏ నీడ ఏ దిక్కు నుంచి వచ్చిందో లెక్కగట్టి, అరటికాయను చక్రాలుగా తరిగినట్టు ఒంటిని పొరలు పొరలుగా తెర మీద పరిచేదాన్ని. జుట్టుకు రంగేసుకున్నవారైనా, పట్టుచీర కట్టుకున్నవారైనా నా దగ్గర అందరూ బూడిద రంగే. ఎంత పెద్దమనిషికైనా పేగులు వంకరే.

ఒక సోమవారం వేటపాలెం నుంచి సామ్రాజ్యమ్మ వచ్చింది. మగ్గం నేస్తుంది, యాభై నాలుగేళ్లు. స్కాన్ తీసే మస్తాన్‌వలికి ఆమె చెబుతుంటే విన్నాను. ఎనిమిది నెలలుగా దగ్గు. కళ్లె పరీక్షలో ఏమీ రాకపోయినా, ఊళ్లో డాక్టరు టీబీ అని మందులు మింగించాడు. మనవరాలు పుట్టి నాలుగు నెలలైంది. ఇంతవరకు ఆ పిల్లను ఆమె చేతికివ్వలేదు. ఆ రోజు కూడా కోడలు రత్నకుమారి పాపతో వరండా ఆ చివర కూర్చుందట.

నేను బొమ్మ కట్టాను. కుడి ఊపిరితిత్తి అడుగున తెల్లటి మెరుపు, దాని చుట్టూ చారలు. రిపోర్టు రాసే డాక్టర్ హైమవతి గారు మొహం చిట్లించారు.

"ఈ చారలేంటి మస్తాన్? నీ డబ్బా మళ్లీ మొరాయించిందా?"

డబ్బా అన్నది నన్నే. మనుషులు దగ్గినా, కదిలినా, జేబులో తాళాలు మరిచిపోయినా, బొమ్మ చెడిందంటే తప్పు నాదే.

"మిషన్ బాగానే ఉంది మేడమ్," అన్నాడు మస్తాన్‌వలి. "ఆమెని మళ్లీ పడుకోబెట్టక్కర్లా. ఉన్న నీడలతోనే పొరలు ఇంకా సన్నగా కట్టిస్తా."

కట్టాను. ఆ మెరుపును నిలువుగా, అడ్డంగా, వెనక నుంచి తిప్పి చూపించాను. సన్నని లోహపు కాడ, చివర గుండ్రటి తల. చారలు ఆ లోహం వల్లే. డాక్టరు గారు కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నారు. సామ్రాజ్యమ్మను లోపలికి పిలిపించారు.

"ఏమ్మా, మీ ముక్కుపుడక శీల ఎప్పుడైనా పోయిందా?"

ఆమె చెయ్యి ముక్కు మీదికి వెళ్లింది. "పోయిందండీ, ఈ దగ్గు రాకముందు. కోడలే తీసిందని నానా మాటలన్నా. అప్పుడది వట్టి మనిషి కూడా కాదు."

"నిద్రలో పీల్చేసుంటారు. ఇది టీబీ కాదు. గుంటూరు వెళితే గొట్టం వేసి తీసేస్తారు."

గుంటూరులో శీల బయటికి తీయడం తర్వాతి వారం సంగతి. ముందు ఆమె వరండాలోకి నడిచింది. తలుపు తెరిచే ఉంది. మనుషుల లోపల కనపడుతుంది గాని, గది బయట ఏం జరుగుతుందో నాకు కనపడదు. మాటలు మాత్రం వినిపించాయి.

"రత్నం, ఆ శీల నా రొమ్ములోనే ఉందంట. నిన్ను దొంగని చేశానే."

ఎవరో ముక్కు చీదారు.

"అయితే టీబీ కాదా అత్తయ్యా?"

"కాదంట."

"మరి పాపని ఎత్తుకోండి. పొద్దుట్నుంచీ నా చేతులు పీకుతున్నాయి."