ఎడమ చెయ్యి పాఠం

శాలిబండ మలుపులో బస్సు ఆగి చాలాసేపయింది. ముందు పెళ్లి సామాను ట్రాలీ ఒకటి రోడ్డుకు అడ్డంగా తిరిగి, అటూ ఇటూ కాలేక తంటాలు పడుతోంది. కృపాకర్ అరచేత్తో హారన్ మీద గుద్దాడు. మళ్లీ గుద్దాడు.

"అన్నా, గుద్దితే ట్రాలీ ఎగురుతదా?" అంది వెనకనుంచి కండక్టరమ్మాయి.

అతని ఎడమచేతి వేళ్లు స్టీరింగ్ మీద వాటంతట అవే ఆడుతున్నాయి. చిటికెన వేలు, ఉంగరం వేలు, నడిమి వేలు. ఉంగరం వేలు దిగినప్పుడల్లా పక్కనున్న చిటికెన వేలు కూడా దాని వెంట దిగుతోంది. అది చూస్తే అతనికి ఒళ్లు మండింది. రెండేళ్లుగా ఇదే గోల.

యాభై మూడేళ్లు నిండాయి కృపాకర్‌కు. పొట్టి మనిషి. భుజాలు ఎప్పుడూ చెవుల దగ్గరికి ఎగదీసి ఉంటాయి. గేర్ రాడ్డు పట్టీ పట్టీ ఎడమ అరచెయ్యి కాయ కాసి, బొటనవేలి మొదలు గట్టిగా ఉబ్బి ఉంటుంది. ఎక్కడా నిలవడు. అన్నం సగంలో లేచి గ్యాస్ కట్టేశానో లేదో చూసొస్తాడు. చర్చిలో ఆఖరి ప్రార్థన కాకముందే చెప్పుల్లో కాళ్లు దూరుస్తాడు. "నీ పానం ఏడ నిలుస్తదయ్యా" అని భార్య రాజమణి పెళ్లైన కొత్తలో అన్న మాట ఇప్పటికీ అంటూనే ఉంది.

పియానో అతని దగ్గరికి అనుకోకుండా వచ్చింది. కూతురు స్రవంతి కొన్నాళ్లు సైదాబాద్‌లో విమలాదేవి టీచరమ్మ దగ్గర నేర్చుకుని మానేసింది. ఆ సంగతి చెప్పడానికి వెళ్లినవాడు గుమ్మంలో నిలబడి, టీచరమ్మను వదిలేసి ఆ నల్లటి పెట్టెనే చూస్తూ ఉండిపోయాడు. చిన్నప్పుడు చర్చిలో పియానో మూత ఎత్తబోతే వాచ్‌మన్ చెవి మెలిపెట్టి పంపేశాడు. మళ్లీ దాన్ని ముట్టుకోలేదు. మిషన్ స్కూల్లో జీవితమంతా సంగీతం చెప్పిన ఆవిడ అతని చేతులవైపు చూసి, "పిల్ల రాదు, సరే. నువ్వెందుకు నిలబడ్డవ్? కూసో" అంది.

అలా కూర్చున్నవాడు రెండేళ్లయినా ఒక్క పాటా వాయించలేదు. అన్నీ వేళ్ల కసరత్తులే. పొద్దుటి ట్రిప్పులకూ సాయంత్రం ట్రిప్పులకూ నడుమ దొరికే ఖాళీలో, నిద్రపోవాల్సిన వేళ, షేర్ ఆటోలో పడి సైదాబాద్ వెళ్లడం. పియానో ముందు కూర్చుని చీవాట్లు తినడం. ఈ రోజు తేల్చేసుకోవాలనుకున్నాడు.

ట్రాలీ తప్పుకుంది. బస్సు డిపోలో పెట్టి, ఖాకీ చొక్కాతోనే వెళ్లాడు.

కింది పోర్షన్‌లో ఉండే బేబీ తలుపు తీసింది. టీచరమ్మకు వండిపెట్టేది, మందులిచ్చేది ఆమే. "జెర మెల్లగ మాట్లాడన్నా. నిన్నటి సంది మళ్ల జరం" అంది.

విమలాదేవి పియానో పక్కకే మంచం వేయించుకుని దిండ్లకు ఆనుకుని ఉంది. ముఖం చిన్నదైపోయింది, చెవిలో వినికిడి మిషన్ పెద్దగా కనిపిస్తోంది. ముంజేతులు మాత్రం అలాగే ఉన్నాయి, సన్నగా, నరాలు తేలి.

కృపాకర్ కూర్చోలేదు. దారి పొడుగునా కూర్చుకున్న మాటలు ఒక్కసారే బయటపడ్డాయి. "టీచరమ్మా, ఇంక నాతోని గాదు. రెండేండ్లాయె, గీ వేళ్ల లొల్లే. చర్చిల పోరగాండ్లు ఫోన్ల జూసి నేర్సుకొని వాయిస్తున్నరు. ఇయ్యాల పాట చెప్తె చెప్పుండ్రి, లేకుంటె రేపటి సంది రాను."

గుమ్మంలో బేబీ గతుక్కుమంది. టీచరమ్మకు కోపం రాలేదు.

"బండి పోతున్నదా కృపాకర్?"

"సాయంత్రం ఉన్నది."

"మరి ఇప్పుడే ఎందుకు ఉరుకుతున్నవ్? కూసో. ఎడమ చెయ్యి పెట్టు."

పెట్టాడు. చిటికెన వేలితో లావుపాటి స్వరం నొక్కాడు. అది గదంతా నిండింది.

"శబ్దం వచ్చిందా?"

"వచ్చింది."

"వచ్చినంక ఇంకా ఎందుకు నొక్కుతున్నవ్? గోరు చూడు, తెల్లగైంది. వేలు ఆడనే ఉండనియ్. బలం తీసెయ్."

తీసేశాననుకున్నాడు. తియ్యలేదు. ఆవిడ ముందుకు వంగి అతని మణికట్టు కింద తన అరచెయ్యి పెట్టింది. జ్వరపు వేడి. బరువేమీ లేని చెయ్యి. "నీ చెయ్యి నేను మోస్తున్న. నువ్వు మోయకు."

కృపాకర్‌కు సిగ్గేసింది. జబ్బు మనిషి మీద బరువు వెయ్యడానికి మనసొప్పలేదు. ఆవిడ ఊరుకోలేదు, "ఇడువు" అంది. "ఇడువు, ఇడువు." మెడ పక్కన ఏదో బిగి సడలింది. భుజం దిగింది. భుజం అంత కిందికి దిగగలదని అతనికి తెలియదు. ఉంగరం వేలు ఒక్కటే, ఏ వేలినీ వెంట తీసుకుపోకుండా, పియానో మెట్టు మీద వాలింది.

"ఆ..." అంది టీచరమ్మ. రెండేళ్లలో ఆవిడ నోట వచ్చిన మెప్పు అదొక్కటే.

తర్వాత పాట చెప్పింది. సాయంకాలం ఆరాధనలో అందరూ పాడే పాట. దాని ఎడమచేతి భాగం. చరణానికి చరణం చెప్పి, తప్పిన చోట వేలు పట్టుకుని సరైన మెట్టు మీద పెట్టింది. చివరి వరుస పూర్తి కాకముందే అతను అడిగాడు, "కుడి చెయ్యి?"

ఆవిడ నవ్వింది. నవ్వు దగ్గులోకి తిరిగింది. "రేపు" అంది.

బేబీ తెచ్చిన ఛాయ్ తాగకుండానే లేచి వెళ్లిపోయాడు.

సాయంత్రం జల్‌పల్లి వెళ్తుంటే జేబులో ఫోన్ మోగి మోగి ఆగిపోయింది. ఆఖరి స్టాపులో దిగి మాట్లాడాడు.

"అన్నా, టీచరమ్మ పోయింది" అంది బేబీ. "ఛాయ్ తాగి పండుకున్నది. లేపితే లేవలె."

బస్సు మళ్లీ నిండింది. ఎక్కినవాళ్లను వదిలేసి ఎక్కడికి పోతాడు? స్టార్ట్ చేశాడు. చాంద్రాయణగుట్ట దగ్గర ఒక ఆటో అడ్డంగా దూరింది. చెయ్యి హారన్ మీదికి వెళ్లి, అక్కడే ఉండిపోయింది. నొక్కలేదు. ఆటో దానంతట అది వెళ్లింది. కండక్టరమ్మాయి అద్దంలోంచి అతన్ని చూసింది.

బస్సు డిపోలో అప్పగించి సైదాబాద్ చేరేసరికి చీకటి పడుతోంది. రాజమణి అప్పటికే వచ్చి ఉంది. చర్చి ఆడవాళ్లు గది నిండా కూర్చున్నారు. టీచరమ్మకు తెల్లచీర కట్టారు. పాస్టర్ ప్రకాశం ప్రార్థన చేసి, "పాట పాడుదాం. పియానో ఉన్నది, ఎవరన్న వాయిస్తరా?" అని చుట్టూ చూశాడు.

అందరూ ఒకరినొకరు చూసుకున్నారు. బేబీ కృపాకర్ వైపు చూసింది.

"నాకు ఎడమ చెయ్యే వచ్చు" అన్నాడతను.

"గదే వాయించు" అంది రాజమణి.

కూర్చున్నాడు. కుడి చెయ్యి ఒళ్లో పెట్టుకున్నాడు. మొదటి స్వరం పలికింది. పలికాక బలం తీసేశాడు. ఆడవాళ్లు రాగం అందుకున్నారు. అతని దగ్గర లేని కుడిచెయ్యి వాళ్ల గొంతుల్లో ఉంది. రెండో చరణంలో ఒకచోట తప్పాడు. ఎవరూ ఆగలేదు, అతనూ ఆగలేదు. పాట అయిపోయాక కూడా లేవలేదు. శవపెట్టె వచ్చిందని ఎవరో పిలిస్తే మగవాళ్లు మెట్లు దిగారు. ఎప్పుడూ అందరికంటే ముందు లేచేవాడు అలాగే కూర్చుని ఉంటే రాజమణి దగ్గరికొచ్చి అతని భుజం మీద చెయ్యి వేసింది.

పియానో మీద చిన్న స్టీలు గిన్నెలో, స్నానం చేయించేటప్పుడు బేబీ తీసిపెట్టిన టీచరమ్మ చెవి మిషన్ ఉంది. దాన్ని ఆపాలని ఎవరికీ తోచలేదు. సన్నగా కూస్తూనే ఉంది.